సంతానము లేనిచో పరీక్ష ఇద్దరికీ కావలెను

పెండ్లయి రెండేండ్లు గడచి కడుపు పండనిచో, మన నేతవారి ఇండ్లలో మాట మొదట కోడలి మీదికే పోవును. పిదప నాటుమందులు, మొక్కుబడులు, చివరకు మగనికి రెండవ పెండ్లి. సంఘమునకు అడ్వాన్సుకై వచ్చు అర్జీల వెనుక ఇట్టి ఖర్చులు దాగియుండుట మేము ఎరుగుదుము. కనుకనే ఈ విషయము ఇచట వ్రాయుచున్నాము.

గుడ్డలో లోపము కనబడినచో పడుగును, పేకను రెండింటిని చూడని నేతగాడు లేడు. సంతానము విషయమున మాత్రము ఒక్కరినే ఏల చూడవలెను? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించిన లెక్క ప్రకారము, పెద్దవారిలో సుమారు ఆరుగురిలో ఒకరికి ఎప్పుడో ఒకప్పుడు ఈ ఇబ్బంది కలుగుచున్నది. లోపము స్త్రీలో ఉండవచ్చును, పురుషునిలో ఉండవచ్చును, ఇద్దరిలోను ఉండవచ్చును.

స్త్రీలలో అండము నెలనెలా సరిగా విడుదల కాకుండుట ముఖ్య కారణము. పీసీఓఎస్, థైరాయిడు జబ్బుల వలన ఇది కలుగును. దీనికి తరచుగా మాత్రలతోనే గుణము కనబడును. అండనాళములు మూసికొనిపోవుట మరియొకటి. మన దేశమున దీనికి క్షయ కూడ ఒక కారణము. క్షయ ఊపిరితిత్తులకే కాదు, గర్భసంచికిని నాళములకును సోకును. దాని మందులు ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితము.

పురుషులలో వీర్యకణములు తక్కువగుట, వాటికి కదలిక చాలకుండుట, వృషణముల వద్ద సిరలు ఉబ్బుట ముఖ్యమైనవి. యుక్తవయస్సు వచ్చిన తరువాత గవదబిళ్ళలు సోకినను హాని కలుగవచ్చును. బీడీ, సారాయి మరింత చెరుపు. దాంపత్యము సవ్యముగా ఉన్నవానికిని కణములు తక్కువగా ఉండవచ్చును. ఇది మగతనమునకు తక్కువ కాదు.

వీర్యపరీక్షకు కోత లేదు, సూది లేదు. 2 నుండి 7 దినములు దూరముగా ఉండి నమూనా ఇచ్చిన చాలును. ఫలితము బాగులేనిచో మరల ఒకసారి చేయించవలెను. ఇంత సులభమైన పరీక్షను విడిచి, భార్యను మాత్రము ఆసుపత్రుల చుట్టు త్రిప్పుట న్యాయమా?

మాత్రలతోను, శస్త్రచికిత్సతోను ఫలింపనిచో, వీర్యమును గర్భసంచిలోనికి ఎక్కించు పద్ధతియు, శరీరము వెలుపల పిండమును కలిగించు ఐ.వి.ఎఫ్. పద్ధతియు కలవు. రెండవ దానిని డాక్టరు సుభాష్ ముఖోపాధ్యాయ గారు 1978లోనే కలకత్తాలో సాధించిరి. ఇది ఖర్చుతో కూడినది, ప్రతిసారి ఫలింపదు, స్త్రీకి వయస్సు పెరిగినకొలది ఫలితము తగ్గును. 2021 నాటి చట్టము ప్రకారము ఇట్టి క్లినిక్కులకు రిజిస్ట్రేషను ఉండవలెను. అది చూడక డబ్బు కట్టరాదు.

సంవత్సరము చూచి, స్త్రీకి 35 ఏండ్లు దాటినచో ఆరు నెలలే చూచి, డాక్టరు వద్దకు పోవలెను. నరసాపురం వారు మొదటి సలహాకు కోలారు ఎస్.ఎన్.ఆర్. జిల్లా ఆసుపత్రికి పోవచ్చును.

ఇంటిగుట్టుతో సంఘమునకేమి పని యని కొందరు అడుగవచ్చును. అప్పు సంఘపు పుస్తకములో పడునప్పుడు పని ఉన్నది. సంతాన చికిత్సకు అడ్వాన్సు కోరువారు, భార్యాభర్తలిద్దరును డాక్టరు వద్దకు పోవుదుమని వ్రాసి ఇయ్యవలెను. పరీక్షల కాగితములు మాత్రము సంఘము అడుగరాదు. ఎవరిలో లోపమున్నదో తెలిసికొను హక్కు మనకు లేదు. రాబోవు సర్వసభ్య సమావేశమున సభ్యులు ఈ నియమమును ఆలోచింప ప్రార్థన.