పడవ ఎక్కే ముందు క్యాలెండర్ చూడండి

వేసవి సెలవులకు పిల్లల్ని తీసుకుని దివిసీమ వెళ్ళి, పడవలో లంకలు చూసి రావాలనుంది, ఏమేం సర్దుకోవాలో చెప్పమని గుడివాడ నుంచి ఒక సోదరి అడిగారు.

సంతోషం అమ్మా! ఎండలనగానే ఊటీ అనకుండా మన కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోటు చూడాలనుకున్నారు. స్వీడన్ దేశంలో స్టాక్‌హోం పట్నం ముందు సముద్రంలో చిన్నా పెద్దా కలిపి 30,000 దాకా దీవులున్నాయట. వేసవి వస్తే చాలామంది పిల్లాపాపలతో తెరచాప పడవల్లో దీవి నుంచి దీవికి తిరుగుతారు. పడవలోనే వంట, అందులోనే పడక. వాళ్ళకో సుఖం ఉంది. ఆ బాల్టిక్ సముద్రంలో ఆటుపోట్లు దాదాపు లేనట్టే.

మనకలా కాదు. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలుగా చీలితే ఆ మధ్య నేలే దివిసీమ. నాగాయలంక దాటాక ఏరూ సముద్రమూ కలగలిసిపోతాయి. రోజుకు రెండుసార్లు పోటు, రెండుసార్లు ఆటు. పోటు మీద మడ అడవుల మధ్య కాలవల్లోకి పడవ హాయిగా పోతుంది. ఆటు తగిలిందా, నీళ్ళు లాగేసి బురదలో కూర్చుంటుంది. మళ్ళీ నీళ్ళు నిండేదాకా గంటల తరబడి ఎండలో, పిల్లలతో! పైగా పోటు వేళ రోజూ దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. నిన్న వెళ్ళొచ్చిన వాళ్ళు చెప్పిన టైము ఇవాళ పనికిరాదు. అమావాస్యకీ పున్నమికీ పోటూ ఎక్కువే, ఆటూ ఎక్కువే. ఆ తిథులు మన వంటింటి గోడమీదే ఉన్నాయి కదా, మీవారు కారు మాట్లాడేలోపే చూసేయండి. పడవతన్ని మొదట అడగాల్సింది కిరాయి కాదు, "బాబూ, ఆటు ఎన్నింటికి?" అని. తరతరాలుగా పడవ మీదే ఏరు దాటిన ఎదురుమొండి ఆడవాళ్ళనడిగినా ఠక్కున చెబుతారు. మడ అడవుల్లోకి వెళ్ళాలంటే అది కృష్ణా అభయారణ్యం, అటవీశాఖ అనుమతి సంగతి కూడా కనుక్కోండి.

తెల్లారగట్లే బయల్దేరండి. మోపిదేవిలో స్వామి దర్శనం తిరుగు ప్రయాణంలో పెట్టుకోవచ్చు. మధ్యాహ్నం దాటితే సముద్రపు గాలి లేచి అలలు రేగుతాయి. తుపాను కబురుంటే అసలు కదలొద్దు. 1990 మే 9న మన తీరాన్ని కొట్టింది వేసవి తుపానే. 1977 ఉప్పెన సంగతి దివిసీమ వాళ్ళకి వేరే చెప్పాలా!

ఇక లైఫ్ జాకెట్. 2017 నవంబరు 12న, కార్తీకమాసంలో, ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం దగ్గర కృష్ణలో పడవ తిరగబడి 20 మందికి పైగా పోయారు. సరదాగా బయల్దేరినవాళ్ళే. జాకెట్లు లేని పడవ ఎక్కకండి. చీర నలుగుతుందని చాలామంది దాన్ని ఒళ్ళో పెట్టుకు కూర్చుంటారు, అదేం ముచ్చటో! పవిట బొడ్లో దోపి, పైనుంచి తొడుక్కుని, బకిల్స్ అన్నీ బిగించండి. పెద్దవాళ్ళది పిల్లలకి వేస్తే నీళ్ళలో జాకెట్ తేలుతుంది, పిల్ల జారిపోతుంది. వేశాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. చెవులదాకా వచ్చిందంటే అది ఆ బిడ్డకి సరిపోనట్టే.

పడవలో బాత్‌రూం ఉండదని మనం నీళ్ళు తాగడం మానేస్తాం. వడదెబ్బ తగిలేది అప్పుడే. అందుకే షికారు రెండు గంటలు మించనీయకండి, ఎక్కే ముందే ఒడ్డున ఆ అవసరం చూసుకోండి. మంచినీళ్ళు మనిషికి రెండు లీటర్లైనా ఉండాలి.

తిండికి పులిహోర, దద్దోజనం, నాలుగు బందరు లడ్డూలు చాలు. ఎండకి పెరుగన్నం పులిసిపోతుందని భయమా? మెత్తటి అన్నంలో కాచి చల్లార్చిన పాలు ఎక్కువగా పోసి, రెండు చెంచాల పెరుగు వేసి కలపండి. ఉప్పు విడిగా పొట్లం కట్టుకోండి. భోజనాల వేళకి కమ్మగా తోడుకుని ఉంటుంది.