అభిమన్యుణ్ణి పంపినదెవరు?

పాలస్తీనాలో తుపాకీ పట్టిన కుర్రవాళ్ళను గురించి తెలుగులో వచ్చే వ్రాతలు చాలవరకు రెండు రకాలుగా ఉంటున్నాయి. ఒక రకం వారిని ముష్కరులంటుంది. రెండవ రకం సింహకిశోరాలంటుంది. తెలుగు చదువుకొని తెలుగే చెప్పి బ్రతికినవాణ్ణి గనుక నాకు మాటల మీద పట్టింపు కాస్త ఎక్కువ. ముష్కరుడంటే మొండివాడు, దుర్మార్గుడు. ఆ మాట వాడినవారికి ఇక ఆ పిల్లవాడిది ఏ ఊరు, ఏ వయసు, ఏం చూసి పెరిగాడు అని అడిగే పని తప్పిపోతుంది. సింహమన్నవారికీ అంతే. సింహానికి బడి ఉండదు, పెళ్ళి ఉండదు, ముసలితనం దాకా బ్రతకాలన్న ఆశ ఉండదు. పైకి బద్ధవిరోధుల్లాగా కనిపించే ఈ రెండు మాటలూ కలిసి చేసే పని ఒక్కటే. చచ్చిపోయినవాడు పద్దెనిమిదేళ్ళ పిల్లవాడన్న సంగతి మన కంట పడకుండా చేస్తాయి. అందుచేత నా పేచీ ఈ ఇద్దరితోనూ.

ముందు సంగతులు చెప్పుకుందాం. 2021లో వెస్ట్ బ్యాంకు ఉత్తరభాగంలోని జెనిన్ శరణార్థి శిబిరంలో 'జెనిన్ దళం' అనే పేరుతో కొందరు యువకులు ఒకటయ్యారు. మరుసటి ఏడు నాబ్లుస్ పాతబస్తీలో 'అరీన్ అల్ ఉసూద్' పుట్టింది. అరబ్బీలో ఆ మాటకు సింహాల గుహ అని అర్థం. 2022 జులై 24న ఇజ్రాయెల్ సైన్యం చంపిన ఇద్దరు సహచరుల సంస్మరణ కోసం సెప్టెంబరు 2న పాతబస్తీలో నల్లదుస్తులతో నిలబడినప్పుడు ఆ గుంపు మొదటిసారిగా లోకానికి కనబడింది. వీరిలో ఫతా నుంచి వచ్చినవారున్నారు, హమాస్ నుంచి, ఇస్లామిక్ జిహాద్ నుంచి వచ్చినవారున్నారు. అయినా ఏ పార్టీ జెండా క్రిందా నిలబడమన్నారు. జెనిన్‌లో ఇస్లామిక్ జిహాద్ అండ ఎక్కువన్న మాట నిజమే, డబ్బూ ఆయుధాలూ పాత సంస్థల నుంచి అందిన మాటా నిజమే. కాని ఆ పిల్లలు పాత నాయకుల మాట వినే స్థితి దాటిపోయారన్నది అంతకంటె పెద్ద నిజం. టెలిగ్రామ్‌లో వారి ప్రకటనలు చదవడానికి లక్షమందికి పైగా చేరారు. అర్ధరాత్రి ఇళ్ళ మీదికెక్కి దేవుణ్ణి తలచుకొమ్మని వారు పిలుపునిస్తే ఊళ్ళకు ఊళ్ళు ఎక్కాయి. రమల్లాలోని ఏ మంత్రి పిలుపుకూ అట్లా ఎవరూ మేడ ఎక్కి ఉండరు.

ఇక ముష్కరులనే వారితో నా మొదటి మాట. ఈ పిల్లలు ఆకాశం నుంచి ఊడిపడలేదు. జెనిన్ శిబిరం వైశాల్యం అర చదరపు కిలోమీటరు కూడా లేదు. 2002 ఏప్రిల్‌లో అక్కడ జరిగిన యుద్ధంలో 52 మంది పాలస్తీనీయులు, 23 మంది ఇజ్రాయెల్ సైనికులు మరణించారని ఐక్యరాజ్యసమితి నివేదిక చెప్పింది. శిబిరం నడిబొడ్డు నేలమట్టమయింది. ఇరవై ఏళ్ళ తరువాత తుపాకులు పట్టినవారిలో ఎక్కువమంది ఆ ఏటికి అటూ ఇటూ పుట్టినవారే. వారికి శాంతి ఒప్పందమంటే పెద్దలు చెప్పే పాత కథ. 1993లో ఆ ఒప్పందం మీద సంతకాలు జరిగేనాటికి తూర్పు జెరూసలేం కాక వెస్ట్ బ్యాంకులో ఇజ్రాయెల్ వలసవాసులు లక్షకు కొంచెం పైగా ఉండేవారు. 2022 నాటికి వారు దాదాపు 5 లక్షలయ్యారు. పాలన మీది అని వ్రాసి ఇచ్చిన నాబ్లుస్, జెనిన్ పట్టణాల లోపలికే రాత్రిపూట సైన్యం వచ్చి పోతుంటే, ఆ కాగితం విలువ ఎంతో పిల్లలకు ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. ఒకే నేల మీద వలసవాసికి పౌర న్యాయస్థానం, పాలస్తీనా పిల్లవాడికి పన్నెండేళ్ళ వయసు నుంచే సైనిక న్యాయస్థానం. దీనికి ఏ పేరు పెట్టాలో నిఘంటువు తిరగేసి చెప్పండి.

శాంతియుతంగా పోరాడవచ్చు కదా అంటారు. అనండి, నేనూ అంటాను. కాని తలుపు తెరచి ఉన్నదో లేదో చూసి మరీ అనండి. 1987లో మొదలైన తొలి తిరుగుబాటులో ఊరూరా ప్రజాసంఘాలు ఏర్పడి బడులు నడిపాయి. బైత్ సాహూర్ అనే చిన్న ఊరు 1989లో పన్ను కట్టడం మానేసింది. ఆ ప్రజాసంఘాలను 1988లోనే నిషేధించారు. బైత్ సాహూర్‌ను దిగ్బంధించి ఇళ్ళలో సామాన్లు జప్తు చేశారు. 2006 జనవరిలో ఓటు వేశారు. గెలిచినవారు నచ్చక ఐరోపా, అమెరికా సహాయం ఆపేశాయి, ఇజ్రాయెల్ పన్నుల సొమ్ము నిలిపేసింది. 2018లో గాజా కంచె దగ్గరికి వేలమంది నడిచి వెళ్ళారు. ఆ ప్రదర్శనల మీద కాల్పుల్లో రెండు వందల మందికి పైగా మరణించారు. 2021 అక్టోబరులో అల్ హక్, అద్దమీర్ వంటి ఆరు పౌరసంఘాలను ఇజ్రాయెల్ ఉగ్రవాద సంస్థలని ప్రకటించింది. న్యాయస్థానాలకెక్కి సాక్ష్యాలు సేకరించేవారినీ, తుపాకీ పట్టేవారినీ ఒకే మాటతో పిలిచినప్పుడు, ఆ రెండింటికీ తేడా ఉన్నదని పిల్లలకు నేర్పేదెవరు?

ఇప్పుడు పెద్దల సంగతి. మహమూద్ అబ్బాస్‌గారు 2005 జనవరిలో నాలుగేళ్ళ పదవికి ఎన్నికయ్యారు. 2025లో తొంభయ్యో ఏట కూడా ఆ పదవిలోనే ఉన్నారు. 2021 మే 22న జరగవలసిన ఎన్నికలను ఏప్రిల్ చివర వాయిదా వేశారు. తూర్పు జెరూసలేంలో ఓటింగుకు ఇజ్రాయెల్ ఒప్పుకోలేదన్నది చెప్పిన కారణం. ఓడిపోతామన్న భయమే అసలు కారణమని ఆయన జనమే చెప్పుకున్నారు. ఆ ఎన్నికలలో పోటీకి నిలిచి, పాలకులను నోరారా విమర్శించిన నిజార్ బనాత్ 2021 జూన్ 24న వారి భద్రతాదళాల చేతిలో దెబ్బలు తిని మరణించాడు. ఇజ్రాయెల్ సైన్యంతో భద్రతా సహకారం పవిత్రమైనదని 2014లో అబ్బాస్‌గారే సెలవిచ్చారు. నాబ్లుస్ గుంపులోని ముసాబ్ ష్తయ్యెను 2022 సెప్టెంబరులో అరెస్టు చేసింది కూడా ఈ పెద్దలే. ఆ రాత్రి నాబ్లుస్ వీధుల్లో పాలస్తీనా పోలీసుల మీదనే రాళ్ళు పడ్డాయి.

భారతంలో అభిమన్యుడి వధ వచ్చిన ప్రతిసారీ మనం ఏడుస్తాం. చెప్పిన ప్రతిసారీ తరగతి నిశ్శబ్దమయ్యే పాఠమది. కాని అక్కడ అసలు ప్రశ్న బాలుడి పరాక్రమాన్ని గురించినది కానే కాదు. పద్మవ్యూహం చొరబడడమే తెలుసు, బయటపడడం తెలియదని వాడు ముందే చెప్పాడు. మేము వెంట వస్తామని పెద్దలు మాట ఇచ్చారు. సైంధవుడు అడ్డుపడ్డాడు, పెద్దలు బయటే నిలిచిపోయారు. అయినా ధర్మరాజు ఆ రాత్రి తప్పు తన మీద వేసుకొని కుమిలిపోయాడు. ఆపాటి సిగ్గు నేటి పెద్దలలో ఎక్కడ? ఇబ్రహీం అల్ నాబుల్సీ 2022 ఆగస్టు 9న నాబ్లుస్ పాతబస్తీలో ఒక ఇంట్లో చుట్టుముట్టబడి మరణించేనాటికి పద్దెనిమిదేళ్ళవాడు. 2006 ఎన్నికల నాటికి రెండేళ్ళవాడు. తన జాతి నాయకుణ్ణి ఎన్నుకొనే ఓటు జీవితంలో ఒక్కసారి కూడా వేయకుండానే పోయాడు. చనిపోయే ముందు తల్లిని తలచుకుంటూ, తుపాకీ వదలవద్దంటూ పంపిన స్వరసందేశం అరబ్బు లోకమంతా విన్నది. ఓటు చేతిలో పెట్టని పెద్దలే మరునాడు వాడి బొమ్మ గోడలకు అంటించారు.

ఇక సింహకిశోరాలనే వారితో. మీరే నాకు దగ్గరివారు, అందుచేత మీతోనే గట్టిగా మాట్లాడాలి. 2022 మార్చిలో జెనిన్ దగ్గరి ఊరివాడు ఒకడు బ్నే బ్రాక్‌లో తుపాకీతో ఐదుగురిని చంపాడు. చనిపోయినవారిలో ఇద్దరు యుక్రెయిన్ నుంచి వచ్చిన కూలీలు, ఒకరు అరబ్బు పోలీసు. వాడు ఈ గుంపుల మనిషి కాడు, ఒంటరివాడు. కాని వాడినీ అదే గొంతుతో కీర్తించిన మన వ్రాతలు ఎక్కడ గీత గీశాయి? సైన్యాన్ని ఎదిరించడానికీ, దారిన పోయే కూలీని కాల్చడానికీ మధ్య గీత గీయలేని కలానికి న్యాయం పేరెత్తే అర్హత లేదు. 2023 ఏప్రిల్‌లో నాబ్లుస్ పాతబస్తీలో ఒక మనిషిని ద్రోహి అన్న అనుమానంతో చంపి, ఆ పని మేమే చేశామని సింహాల గుహ ప్రకటించింది. విచారణ లేదు, వాదన లేదు, పైకోర్టు లేదు. సైనిక న్యాయస్థానం అన్యాయమని అరిచిన మనం, అసలు న్యాయస్థానమే లేని ఆ చావు దగ్గర ఎందుకు మౌనం వహించాం? ఎవరికీ జవాబు చెప్పనక్కరలేని స్వాతంత్ర్యం ఆ గుంపులకు ఆకర్షణ. అదే వాటి రోగం కూడా.

ఫలితం చూడండి. నాబ్లుస్ గుంపు బయటపడిన రెండు నెలల లోపే దాని ముఖ్యులు పోయారు. 2022 అక్టోబరు 23న ఒకరు మోటారు సైకిల్లో పెట్టిన బాంబుతో, 25న మరొకరు సైన్యం దాడిలో. ఊరికి దాదాపు మూడు వారాలు దిగ్బంధనం. మిగిలినవారిలో కొందరు పాలస్తీనా ప్రభుత్వానికి లొంగి ఆయుధాలు అప్పగించారు. 2023 ఫిబ్రవరి 22న పట్టపగలు జరిగిన దాడిలో నాబ్లుస్‌లో 11 మంది పోయారు, అందులో ముసలివారున్నారు. 2022లో వెస్ట్ బ్యాంకులోనూ తూర్పు జెరూసలేంలోనూ ఇజ్రాయెల్ బలగాల చేతిలో నూట యాభై మందికి పైగా పాలస్తీనీయులు మరణించారని ఐక్యరాజ్యసమితి లెక్క. 2024 డిసెంబరులో పాలస్తీనా ప్రభుత్వమే జెనిన్ శిబిరాన్ని చుట్టుముట్టి సొంత పిల్లల మీద కాల్పులకు దిగింది. దాని వెనకనే 2025 జనవరి 21న ఇజ్రాయెల్ 'ఉక్కుగోడ' పేరుతో దండెత్తి జెనిన్, తుల్కరమ్, నూర్ షమ్స్ శిబిరాలను ఖాళీ చేయించింది. దాదాపు 40 వేలమంది ఇల్లు విడిచారు. 1948లో ఇల్లు పోయినవారి మనుమలు మళ్ళీ మూట కట్టుకున్నారు. ఈ నేరం చేసినవారిదే నేరం, అందులో నాకు సందేహం లేదు. కాని తుపాకీ ఆ శిబిరాలను కాపాడగలదని పిల్లలకు చెప్పినవారు ఈ లెక్క కూడా చెప్పాలి.

మన నేల మీద ఈ చరిత్ర తెలియనిది కాదు. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర ఇద్దరు గిరిజనులు భూస్వాముల తుపాకులకు బలయ్యారు. నిందితులు న్యాయస్థానంలో నిర్దోషులుగా బయటకు వచ్చారు. ఆ తరువాతే శ్రీకాకుళం కొండల్లో తుపాకీ గట్టిపడింది. 1970 జులైలో పోలీసుల చేతిలో మరణించిన వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసం ఇద్దరూ ఉపాధ్యాయులే. నా వృత్తివారే గనుక ఆ పేర్లు నాకు బరువుగానే ఉంటాయి. వారి మీద తెలుగులో ఎన్ని స్మృతిగీతాలు వచ్చాయో, అదే 1970లో గిరిజన భూమికి రక్షణగా వచ్చిన 1/70 నిబంధనను అమలు చేయించడం గురించి అందులో పదో వంతు వ్రాతైనా రాలేదు. చనిపోయినవాడి మీద పాట సులువు, బ్రతికున్నవాడి హక్కు మీద పని కష్టం. అదే అలవాటును మనం పాలస్తీనాకు ఎగుమతి చేస్తున్నాం. తేడా ఒక్కటి ఉన్నది. ఇక్కడ ఆలస్యంగానైనా ఒక చట్టం వచ్చింది, దాన్ని పట్టుకొని కోర్టుకు వెళ్ళే దారి ఉన్నది. అక్కడ ఆ దారి కూడా మూసి ఉన్నది. అందుచేత అక్కడి పిల్లవాడిని నిందించడానికి నాకు నోరు రాదు. ఇక్కడ సురక్షితంగా కూర్చొని వాడి చావును అలంకారశాస్త్రానికి ఉదాహరణగా వాడుకొనేవారిని నిందించడానికి మాత్రం నోరు వస్తుంది.

మరి ఏం చేయమంటావు, పిల్లలు చేతులు ముడుచుకొని కూర్చోవాలా అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. పిల్లలు ఏం చేయాలో చెప్పే అధికారం నాకు లేదు. పెద్దలు ఏం చేయాలో అడిగే అధికారం లోకంలో అందరికీ ఉన్నది. అంతర్జాతీయ న్యాయస్థానం 2024 జులై 19న ఈ ఆక్రమణ చట్టవిరుద్ధమని, దాన్ని త్వరగా ముగించాలని అభిప్రాయం చెప్పింది. ఆ అభిప్రాయాన్ని మన ప్రభుత్వంతో సహా ఏయే ప్రభుత్వాలు పట్టించుకున్నాయి, ఎవరు ఆయుధాలు అమ్ముతూనే ఉన్నారు అని అడగండి. యుద్ధం ముగిసిన ఏడాదిలోపు ఎన్నికలు పెడతామని 2025లో అబ్బాస్‌గారు ఐక్యరాజ్యసమితిలో మాట ఇచ్చారు. ఆ మాటను తారీఖుతో సహా గుర్తుపెట్టుకొని అడగండి. నిషేధించిన ఆ ఆరు సంఘాల పేర్లు పాఠకులకు చెప్పండి, వాటి నివేదికలు తెలుగు చేయండి. ఒక స్మృతిగీతం వ్రాసే సమయంలో ఒక సైనిక న్యాయస్థానం ఎట్లా పనిచేస్తుందో వివరంగా వ్రాయవచ్చు. అది ఎవరి గోడకూ ఎక్కదు, ఎవరి కంటా నీరు తెప్పించదు. కాని చదివినవాడికి ముష్కరుడన్న మాట వాడడం కష్టమవుతుంది.

వీరమరణమన్న మాటను మన కావ్యాలలో గౌరవంగానే చదివాను, చెప్పాను. కాని ఆ మాట చనిపోయినవాడు తన కోసం ఎంచుకోవలసినదే గాని, దూరాన కూర్చున్నవాడు మరొకరి పిల్లవాడి కోసం ఎంచిపెట్టవలసినది కాదు. నాబ్లుస్ కుర్రవాళ్ళకు మీసాలు సరిగా రాకముందే మనం విగ్రహాలు కట్టేస్తున్నాం. వారికి కావలసినది ఓటు, ఇల్లు, రాత్రిపూట తలుపు బద్దలుకాని నిద్ర. అవి ఇవ్వనివారి పేర్లు ముందు వ్రాయండి. పద్యాలు ఆ తరువాత చూసుకుందాం.

విభేదించేవారు నిర్మొహమాటంగా వ్యాఖ్యానించండి. మాట తూలనివారందరికీ జవాబు వ్రాస్తాను.