కుప్ప పోస్తే చవకేనా?

యూజర్ ఇంటర్‌ఫేసు అంటే మన సాఫ్టువేరు వాళ్ళకి స్క్రీనే గుర్తొస్తుంది. నన్నడిగితే దాన్ని బాగా పట్టుకున్నది బిగ్ బజార్ కిశోర్ బియానీ. 2001లో ఆ కొట్లు మొదలైన ఊళ్ళలో మన హైదరాబాదూ ఒకటి. నడవాలు విశాలంగా, సామాన్లు నీటుగా ఉంటే మనవాళ్ళు ఆగకుండా వెళ్ళిపోతున్నారని గమనించి, ఆయన కావాలనే ఇరుకు చేసి కుప్పలు పోయించాడు. తిరుపతి గాంధీ రోడ్డుని తీసుకెళ్ళి ఏసీలో పెట్టాడన్నమాట :)

వాల్‌మార్ట్ 2009 ప్రాంతంలో అమెరికాలో దీనికి రివర్సులో వెళ్ళింది. నడవాల్లో కుప్పలు తీసేసింది. కొనేవాళ్ళు బాగుందన్నారు, అమ్మకాలు మాత్రం తగ్గాయి. మళ్ళీ కుప్పలు పెట్టక తప్పలేదు.

అయితే కుప్ప చవకకి గుర్తే గానీ రుజువు కాదు. బిగ్ బజార్ కథ అప్పుల్లో కూరుకుపోయి 2022లో ముగిసింది. ఎక్కువగా సొంత స్థలాల్లో కొట్లు పెట్టి, సరుకు ఇచ్చినవాళ్ళకి త్వరగా డబ్బు కట్టే డీమార్ట్ నిలబడి తిరుపతి దాకా వచ్చింది. అసలు చవక బ్యాకెండ్‌లో ఉంది.

కానీ ఏ పెద్ద కొట్టు డిజైనులోనూ లేనిదొకటుంది: వీధి అంగడాయన అప్పు పుస్తకం. ఒకటో తారీఖున జీతం పడే మనకి దాంతో పన్లేదు. చిత్తూరులో కూలికెళ్ళే మనిషికి పని దొరకని వారం బియ్యం ఇచ్చేది అదే. మనబోటి రొక్కం బేరాలన్నీ పెద్ద కొట్లకి పోతే ఆ పుస్తకం ఎన్నాళ్ళు నడుస్తుంది? నెల సరుకుల్లో కొన్నైనా అక్కడ కొంటే మనకి పోయేది పదో పరకో. ఏమంటారు?