పురుగును పిలిచే ముందు జమ్మి చెట్టును తలుచుకుందాం

మాది తమిళ మీడియం చదువు. రాతలో తప్పులుంటే దిద్దుకుని చదవండి.

పోయిన ఆదివారం కూటంలో సీమ తుమ్మ మాట వచ్చింది. చెరువంతా ముళ్ళే. జేసీబీ పెట్టి పెరికించినా వాన పడితే మళ్ళీ మొలుస్తుంది. "ఆస్ట్రేలియాలో పురుగును వదిలి నాగజెముడును పోగొట్టారు, మనకూ ఆ మాదిరి పురుగు కావాలని సర్కారుకు అర్జీ పెడదాం" అన్నారు కొందరు. సంతకాలు పెట్టే ముందు మా మాట కూడా వినండి.

వాళ్ళు చెప్పింది నిజమే. మనం చప్పాత్తి కళ్ళి అనే ఆ నాగజెముడు అక్కడ సుమారు 6 కోట్ల ఎకరాలు ఆక్రమించింది. 1925లో అర్జెంటీనా నుంచి కాక్టోబ్లాస్టిస్ అనే రెక్కల పురుగు గుడ్లు తెచ్చారు. పంట మొక్కలను తినదని ముందు పరీక్షించి, తర్వాతే వదిలారు. దాని పిల్లపురుగులు మట్టలోకి తొలుచుకుపోయి లోపలంతా తినేస్తాయి. ఏడెనిమిదేళ్ళలో ఆ ముళ్ళ అడవి చాలావరకు కూలింది. బూనార్గా ఊరివాళ్ళు తమ హాలుకు ఆ పురుగు పేరే పెట్టుకున్నారు. మన తమిళనాట కూడా 1926లో కొచినీల్ అనే వేరే పురుగును తెచ్చి వదిలితే కళ్ళి పొదలు ఎండిపోయాయి.

ఐతే ఆస్ట్రేలియాకు సొంత కళ్ళి జాతి ఒక్కటీ లేదు. అందుకే తగాదా రాలేదు. అదే కాక్టోబ్లాస్టిస్‌ను 1957లో కరీబియన్ సముద్రంలోని నెవిస్ దీవిలో వదిలారు. 1989లో అది ఫ్లోరిడాలో కనబడింది, అక్కడి సొంత కళ్ళి చెట్లను పట్టింది. 2006లో మెక్సికో దీవి ఒకదానికి చేరింది. మెక్సికోవాళ్ళకు కళ్ళి మట్ట కూర, కాయ పండు, వాళ్ళ జెండా మీద కూడా అదే. పట్టుబట్టి దాన్ని అక్కడినుంచి తుడిచిపెట్టారు.

గూడ్స్ ఆఫీసులో మేము ఏళ్ళ తరబడి సరుకు బుక్ చేశాం. దారి తప్పిన పార్సెల్‌ను వెనక్కి రప్పించవచ్చు. వదిలిన పురుగును రప్పించలేం.

సీమ తుమ్మకు దగ్గరి చుట్టం ఎవరు? తమిళంలో వన్ని అనే మన జమ్మి. దసరాకు మనం మొక్కే చెట్టు. ఆ పురుగు జమ్మి జోలికి పోదని పూచీ ఎవరిది? రామనాథపురం వైపు సీమ తుమ్మ కట్టెతో బొగ్గు కాల్చి బతికేవాళ్ళున్నారు. వాళ్ళను అడగొద్దా?

పురుగే వద్దని మేము అనడం లేదు. జమ్మి మీద పరీక్ష చేసి చూపించమని అర్జీలో మొదటి మాటగా రాయాలి. అంతవరకు మన చెరువు వరకైనా వేళ్ళతో సహా పెరికి, గట్టు మీద వేప, కానుగ నాటుదాం. పెద్దలు తమ అభిప్రాయం చెప్పాలి.