తొలి ఇరవై నాలుగు గంటలే కీలకం
జ్వర భయంతో హెపటైటిస్-బి టీకా మానరాదు

సోమశిల (కొల్లాపూర్): పుట్టి ఒక్కరోజైనా నిండని బిడ్డకు సూది మందు అవసరమా? టీకా వేస్తే జ్వరమెందుకు వస్తుంది? కృష్ణాతీరాన ఉన్న సోమశిల వంటి పల్లెల్లో పసిబిడ్డల తల్లులను కలవరపెట్టే ప్రశ్నలివి. హెపటైటిస్-బి టీకా విషయంలో ఈ సందేహాలు తీరడం అత్యవసరం.

తల్లి రక్తంలో ఈ వైరస్ ఉంటే కాన్పు సమయంలో బిడ్డకు సోకే ప్రమాదముంది. పెద్దలకు సోకితే నూటికి తొంభై అయిదు మందికి పైగా కోలుకుంటారు. నవజాత శిశువుల్లో మాత్రం నూటికి తొంభై మంది వరకు దీర్ఘకాలిక రోగులవుతారు. ఏళ్ల తరబడి ఏ లక్షణమూ కనిపించకపోవచ్చు. పచ్చకామెర్లు బయటపడేనాటికి కాలేయం గట్టిపడటమో, క్యాన్సర్ సోకడమో జరిగిపోవచ్చు. పసరు మందులు, వాతలు ఈ వైరస్‌ను తొలగించలేవు. అందుకే పుట్టిన 24 గంటల్లోగా తొలి మోతాదు వేయించాలి. ఆపై 6, 10, 14 వారాలకు పెంటావాలెంట్ టీకాలో భాగంగా మిగిలిన మోతాదులు అందుతాయి.

దుష్ఫలితాలు స్వల్పమే

సూది వేసిన చోట నొప్పి, ఎరుపు, కొద్దిపాటి జ్వరం ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతాయి. పెంటావాలెంట్ తర్వాత వచ్చే జ్వరానికి అందులోని కోరింత దగ్గు టీకాయే ప్రధాన కారణం. తీవ్రమైన అలర్జీ సుమారు పది లక్షల మోతాదుల్లో ఒకరికి సంభవించవచ్చు. దానిని వెంటనే గుర్తించేందుకే టీకా వేశాక అరగంట సేపు అక్కడే ఉండమంటారు. ఊపిరాడకపోయినా, ముఖం వాచినా తక్షణం వైద్యునికి చూపాలి. సూది వేసిన చోట రుద్దడం, కాపడం పెట్టడం తగదు. జ్వరానికి మందును ఏఎన్ఎం చెప్పిన మోతాదులోనే వాడాలి.

జాగ్రత్తలు

గత మోతాదుకు తీవ్ర అలర్జీ కలిగినా, బిడ్డకు తీవ్రమైన జబ్బు ఉన్నా ముందుగా వైద్యునికి తెలపాలి. మామూలు జలుబు అడ్డంకి కాదు. టీకాను 2 నుంచి 8 డిగ్రీల మధ్య నిల్వ చేయాలి. గడ్డకడితే అది పనికిరాదు. ఒకసారి వాడిన సిరంజి మరొకరికి వాడరాదు.

1997లో హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ ఈ టీకాను స్వదేశీ పరిజ్ఞానంతో విడుదల చేసింది. నేడు ప్రభుత్వ ఆసుపత్రుల్లో శిశువులకు ఇది ఉచితం. రెండు రోజుల జ్వరానికి వెరచి జీవితకాలపు రక్షణను వదులుకోవడం బిడ్డకు చేసే అన్యాయమే. కాన్పయిన వెంటనే ‘టీకా వేశారా?’ అని అడిగి, కార్డులో నమోదు చేయించుకోవడం ప్రతి కుటుంబం బాధ్యత.