మేస్త్రీ పోయి వచ్చిన ఉద్యోగము

గ్రామములకు బోయినపుడు రైతులు మమ్ముల నడుగుచుందురు: "బాబూ! మా గుంటడికి కంపెనీలో పనివారి సంగతులు చూచు ఉద్యోగము వచ్చినది. అదియు నొక ఉద్యోగమేనా? లెక్కలు వ్రాయు పని దొరకలేదా?"

సోదరులారా, పూర్వము మన తీరమునుండి రంగూనునకు బోయిన కూలివారిని మేస్త్రీలు తీసికొని పోయెడివారు. బయానా ఇచ్చినవాడును, పనిలో బెట్టినవాడును, కూలిలో కోత కోసినవాడును అతడే. మిల్లులలోను ఇట్టి మేస్త్రీలదే పెత్తనము. 1931లో విట్లీ కమీషను, పనివారిని జేర్చుకొను నధికారము వారి చేతినుండి తీసి ప్రత్యేకోద్యోగి కీయవలెననియు, అతడు ముఖ్య మేనేజరునకు దప్ప మరెవ్వరికిని లోబడరాదనియు చెప్పినది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము, 500 మందికి తక్కువగాని పనివారున్న ప్రతి కర్మాగారమునను సంక్షేమాధికారి యుండవలెనని విధించినది.

పదవి వచ్చినది; గౌరవము మాత్రము రాలేదు. పెక్కు తావుల నతడు సెలవుచీటీలు చూచు గుమాస్తాగనే మిగిలినాడు. ఇది వ్యాపారమునకే నష్టము. పనివాని మొర వినువాడు లేనిచో మగ్గములు నిలుచును. నెల్లిమర్ల వంటి చోట జూటుమిల్లు నిలిచినచో రైతు గోగునార ఇంటనే పడియుండును. ఉడుపులనాడు కూలివారితో తగవు తెచ్చుకొనిన రైతునకు మంచి విత్తనమున్నను ఏమి లాభము?

కావున కుమారుని ఉద్యోగమునకు సిగ్గుపడకుడు. ఒక్కమాట చెప్పి పంపుడు: జీతమిచ్చువాడు యజమానియైనను, పనివాని కష్టమును దాచక అతనికి దెలుపుట తన ధర్మమని. ఆ ధైర్యము లేనివానికి మానవ వనరుల అధికారి యని యెంత పేరు పెట్టినను, వాడు పాత మేస్త్రీయే.