వాట్లు పెట్టె మీద, వాయిదాలు మన మీద!

పండగ ఆఫర్లు వచ్చాయంటే మా శాంతిపురంలోనూ ఇంటింటా ఒకటే పోరు, పెద్ద స్పీకర్లు కావాలని! అట్టపెట్టె మీద ‘10,000 వాట్లు పి.ఎం.పి.ఓ.’ అని కనిపిస్తే పిల్లలకే కాదు, పెద్దవాళ్లకీ కళ్లు చెదురుతాయి. కుప్పమో, మదనపల్లెనో వెళ్లి వాయిదాల మీద తెచ్చేస్తారు. ఆ వాయిదాలు కట్టేది మాత్రం మన పాల డబ్బుల్లోంచేగా!

ఇంతకీ ఏమిటీ పి.ఎం.పి.ఓ.? రెప్పపాటులో ఒక్కసారి ఎంత శక్తి ఎగదన్నగలదో కంపెనీలు వేసుకునే లెక్క. దానికి అందరూ ఒప్పుకున్న కొలతంటూ లేదు. నిలకడగా ఇచ్చే శక్తిని ఆర్.ఎం.ఎస్. వాట్లలో చెబుతారు. నేనైతే ముందు సెట్టు వెనక్కి తిప్పి చూస్తాను. కరెంటు 60 వాట్లే తీసుకునే పెట్టె పదివేల వాట్లు నిలకడగా ఎక్కణ్ణించి తెస్తుంది? గిద్దెడు పాలలో శేరు వెన్న తీస్తామంటే నమ్ముతామా?

ఇంకో సంగతి. వాట్లు రెట్టింపైతే శబ్దం పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి రెట్టింపుగా వినిపించాలంటే సుమారు పదిరెట్ల వాట్లు కావాలి.

ఇంట్లో వాడే ఆంప్లిఫయర్ల వాట్ల లెక్కలకు అమెరికాలో 1974లోనే నిబంధన పెట్టారు. మనకూ 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ఉంది. తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల రూపాయల దాకా జరిమానా వేయొచ్చు. ఫిర్యాదు చేయడానికి 1915 నెంబరు ఉంది.

బంగారం కొనేటప్పుడు తరుగెంత, మజూరీ ఎంత అని నిలదీసే మనం ఇక్కడ నోరు మెదపకపోతే ఎలా? ‘ఆర్.ఎం.ఎస్. ఎంతో బిల్లు మీద రాసివ్వండి’ అని అడగండి. రాయనంటే, డబ్బు కొంగున ముడేసుకుని వచ్చేయండి!